రాయి తగిలిందా సార్?

సూర్యాపేట దాటి పావుగంటయింది. మే నెల మిట్టమధ్యాహ్నం. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి. కారులో అయిదుగురున్నారు. ముందు సీట్లలో భార్యాభర్తలు, వెనక ఇద్దరు పిల్లలు, వాళ్ల మధ్య నాయనమ్మ. సాయంత్రానికల్లా గుడివాడ చేరాలి. ఆయన చెల్లెలి కూతురికి ఓణీలిస్తున్నారు. మేనమామ రాందే ఆ పీట మీద పిల్లను కూర్చోబెట్టరు. డిక్కీలో పట్టు పరికిణీ, ఓణీ, గాజులు, అరిసెల డబ్బా.

ఎనిమిదేళ్ల పిల్లాడికి ఆ కారులో నచ్చిందల్లా పైకప్పు ఒక్కటే. డ్రైవరు నెత్తి మీద మొదలై వెనక సీటు దాకా పరుచుకున్న అద్దం. నార్కట్‌పల్లి దగ్గర నుంచి ఒకటే నస. "నాన్నా, షేడ్ తియ్యవా, ఒక్కసారి." తల్లి కసిరింది. "ఎండకు మాడిపోతాం. నోరు మూసుకుని కూర్చో." కసిరితే కసిరింది గానీ, ఆ పూట పిల్లల తలలను కాపాడింది ఆ కసురే.

ఢామ్మని పేలింది.

టైరు పోయిందనుకున్నాడాయన. బ్రేకు జోలికి పోకుండా, స్టీరింగ్ రెండు చేతులా బిగించి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. టైరే పేలితే బండి ఒక పక్కకు లాగాలి. లాగలేదు. అద్దంలో చూశాడు. వెనక లారీ దూరంగానే ఉంది. అప్పుడు వినిపించింది నెత్తి మీద గాలి హోరు. దాని వెంటే పై తెర మీద గలగలమంటూ ఏదో దొర్లుతున్న చప్పుడు.

"ఏమండీ, పైన..." అని ఆవిడ మాట పూర్తి చేయలేదు.

హజార్డ్ లైట్లు వేసి మెల్లగా రోడ్డు అంచుకు దింపాడు. వెనక నుంచి పిల్లాడు సీట్ల మధ్యగా ముందుకు వంగి షేడ్ బటన్ మీదికి చెయ్యి చాచాడు, ఏమైందో చూద్దామని. నాయనమ్మ చొక్కా పట్టుకుని వెనక్కి గుంజింది. ఆవిడకు సన్‌రూఫ్ సంగతి ఏం తెలుసు? పైన పెంకులున్నప్పుడు అటక తలుపు తీయకూడదన్నంత వరకు తెలుసు. అంతే చాలు. ఆ తెర వెనక్కి జరిగితే దాని మీద పేరుకున్న గాజంతా పిల్లల ఒళ్లో పడేది. సగం చుట్టలోకి పోయి తెరతో పాటు మోటారునూ పాడుచేసేది.

ఇంకో గండం ఉంది. ఆ కారు మాట వింటుంది. సన్‌రూఫ్ తెరవమని ఇంగ్లిషులో చెబితే తెరుస్తుంది. కొన్న కొత్తలో ఆ సరదా పిల్లలకు నేర్పింది తండ్రే. ఇప్పుడు ఆయనకే చెమటలు పట్టాయి. "ఎవరూ ఆ మాట అనకండి" అని గొంతు తగ్గించి చెప్పి, ఇంజిన్ ఆపేశాడు. ఎడమ పక్క తలుపులోంచి ఒక్కొక్కరినీ దింపాడు. నాయనమ్మ జడలో రెండు గాజు ముక్కలు. పెద్దదానికి మోచేతి మీద చిన్న గీరుడు. అంతకు మించి ఎవరికీ ఏమీ కాలేదు.

(వాళ్ల పేర్లు రాయడం లేదు. కారు కంపెనీ పేరూ అంతే.)

బయటి నుంచి చూస్తే గానీ విషయం తెలియలేదు. అద్దం లోపలికి కూలలేదు. పూరీలా పైకి ఉబ్బింది. నడిమధ్యలో రెండు అరచేతుల వెడల్పున బొక్క. దాని చుట్టూ వేల చీలికలు, ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. మధ్యలో ఉండాల్సిన గాజు వెనక హైవే మీద ఎక్కడో రాలిపోయింది. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత దానితో పని పడుతుంది.

1033కి ఫోన్ చేశాడు. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ అది. పెట్రోలింగ్ బండి వచ్చి వెనక కోన్లు పెట్టింది. కంపెనీ రోడ్‌సైడ్ సర్వీసుకు చేస్తే ఫ్లాట్‌బెడ్ రావడానికి మూడు గంటలైనా పడుతుందన్నారు. ఈలోగా ఆవిడ ఒక మంచి పని చేసింది. ఎవరూ ఏదీ ముట్టుకోకముందే ఫోన్‌తో వీడియో తీసింది. పైకప్పు, లోపలి తెర, సీట్ల మీది గాజు, కిలోమీటరు రాయి, ఎదురుగా డాష్‌బోర్డు మీద టైము, అన్నీ అందులో ఉన్నాయి.

రోడ్డుకు అవతల ఒక ధాబా. అక్కడి మంచాల మీంచి జనం లేచొచ్చారు. అప్పుడు మొదలైంది ఆ ప్రశ్న.

"రాయి తాకిందా సార్?" అన్నాడు ధాబా ఆయన. "ముందు టిప్పర్ పోయిందా? కంకర టిప్పర్లు పట్టా కప్పరు. గట్లనే ఎగిరొస్తయి."

ముందు ఏ టిప్పరూ లేదు.

"పిట్ట గుద్దుకుందేమో" అన్నాడు పెట్రోలింగ్ కుర్రాడు. ఈక కూడా కనపడలేదు.

"ఎండకు సార్. ఎండకు పైన కాలి, లోపల ఏసీకి చల్లబడి పేలుద్ది" అన్నాడు ఒక లారీ డ్రైవరు. ఆ మాటకు అందరూ తలూపారు. వినడానికి బాగానే ఉంటుంది, కానీ నిలవదు. ఈ రకం అద్దం రెండు వందల డిగ్రీల తేడా వరకు తట్టుకోగలదు. మే ఎండా ఏసీ గాలీ కలిసినా అంత తేడా తేలేవు. అద్దంలో అప్పటికే లోపముంటే మాత్రం ఎండ దాన్ని తొందరపెడుతుంది.

నాయనమ్మ లెక్క వేరు. "కారు కొన్నప్పుడు గుమ్మడికాయ కొట్టమంటే నిమ్మకాయలతో సరిపెట్టారు" అని మూతి ముడుచుకుంది.

వాదనల్లో పడకుండా పనికొచ్చే పని చేసినవాడు లారీ క్లీనరు కుర్రాడు. ధాబాలో ఉన్న పాలిథిన్ పట్టా తెచ్చాడు. బ్రౌన్ టేపు వేయబోయిన పెట్రోలింగ్ కుర్రాణ్ని ఆపి, "కాలే రేకు మీద టేపు నిలవదన్నా. తర్వాత పీకితే పెయింట్ లేచొస్తది" అన్నాడు. పట్టాను పైకప్పు మీద ఆ పక్క నుంచి ఈ పక్కకు పరిచి, రెండు అంచులనూ నాలుగు తలుపుల సందుల్లోకి మడిచి, తలుపులు వేసేశాడు. తలుపులే పట్టాను బిగించి పట్టుకున్నాయి. ముందు అంచు మాత్రం గాలి దూరకుండా తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, టేపు వేశాడు. పది నిమిషాల పని. డబ్బులిస్తే వద్దన్నాడు, టీ తాగాడు.

విజయవాడ నుంచి ఆవిడ తమ్ముడు తన చిన్న కారేసుకుని వచ్చేసరికి మూడు దాటింది. వచ్చీ రాగానే తాళాలు బావ చేతిలో పెట్టాడు. "నువ్వు పో బావా. అక్కడ పీటల మీద పిల్ల ఎదురు చూస్తుంటుంది. దీని సంగతి నేను చూస్తా." అరిసెల డబ్బా అటు నుంచి ఇటు మారింది. మేనమామ ఓణీ పళ్లెం పట్టుకునేసరికి రాత్రి ఎనిమిదైంది. బావమరిది మాత్రం పగిలిన కారుకు కాపలాగా ధాబా మంచం మీద కూర్చుని, ఫ్లాట్‌బెడ్ డ్రైవరు పక్కన అర్ధరాత్రికి విజయవాడ చేరాడు. ఆ ప్రయాణంలోనే అతనికి అద్దాల మీద పట్టుదల పుట్టింది.

మర్నాడు ఉదయం ఆటోనగర్‌లో ఒక అద్దాల మేస్త్రి దగ్గరికి వెళ్లాడు, కంపెనీ కన్నా చవగ్గా వస్తుందేమోనని. మేస్త్రి బేరం ఆడలేదు. "ఈ పైన అద్దం బయట దొరకదు బాబూ. దొరికినా వేయించుకోకండి, బీడింగు కలవదు, వానకు కారుద్ది" అని తేల్చేశాడు. కానీ బావమరిది జేబులోంచి తీసిన గాజు ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూసి ఒక మాటన్నాడు. "ఇది టఫెన్. ముందు అద్దం అయితే లామినేటెడ్. అది పగిలినా ఊడదు."

పై అద్దం కథంతా ఆ రెండు మాటల్లో ఉంది. కారు ముందు అద్దం రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది. రాయి తగిలితే బీట పడుతుంది, పొర పట్టుకుంటుంది. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ముందు అద్దం లామినేటెడ్ అయి తీరాలి. మిగతా అద్దాలకు ఆ పట్టింపు లేదు, టఫెన్ అయినా సరే. టఫెన్ అద్దాన్ని 600 డిగ్రీలు దాటేలా కాల్చి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. పైపొర ముందే బిగుసుకుంటుంది. లోపలిది తర్వాత కుదించుకుంటూ పైపొరను తన వైపు లాగుతుంది. మామూలు అద్దానికి నాలుగైదు రెట్ల బలం ఆ బిగువు నుంచే వస్తుంది. ఒక్క చోట ఆ బిగువు తెగిందా, అద్దమంతా ఒకేసారి వదులుతుంది. అందుకే అంత చప్పుడు, అందుకే పైకి ఉబ్బడం. ముక్కలు కత్తుల్లా ఉండకుండా మొద్దుగా ఉండేదీ అందుకే.

ఒక్క చోట తెగడానికి కారణాలు కొన్ని. గులకరాయి చేసిన కంటికి కనపడని గాటు వారాల పాటు ఊరుకుని ఒక రోజు తెగొచ్చు. బిగించేటప్పుడు అంచుకు దెబ్బ తగిలి ఉండొచ్చు. అద్దం చుట్టూ కాల్చి వేసే నల్లరంగు పట్టీ దగ్గర గాజు బలం తగ్గుతుంది. అద్దం పెరిగేకొద్దీ ఆ పట్టీ పొడవూ పెరుగుతుంది. అరుదుగా మరొకటి. గాజు కరిగేటప్పుడు నికెల్ సల్ఫైడ్ రేణువు చేరితే, అది టఫెన్ అద్దంలో చిక్కుబడి మామూలు వేడిలో మెల్లగా ఉబ్బుతూ ఉంటుంది. ఉబ్బేది 2 నుంచి 4 శాతమే. కానీ బిగువులో ఉన్న అద్దానికి అది చాలు. ఎత్తయిన భవనాల అద్దాలు ఎవరూ ముట్టుకోకుండానే పగలడానికి ఇదే పేరుమోసిన కారణం. వాటిని బిగించక ముందే 300 డిగ్రీలకు దగ్గరగా గంటల తరబడి కాల్చి, పగిలేవాటిని అక్కడే పగలనిచ్చే పరీక్ష ఉన్నది దానికోసమే.

గుడివాడలో ఓణీల వేడుక అయ్యీ అవగానే డాలస్ నుంచి ఆయన తమ్ముడు వీడియో కాల్ చేశాడు. అక్కడ ఈ గొడవ పాతదే. కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2017లో అమెరికా ప్రభుత్వ రికార్డులు తిరగేస్తే, 1995 నుంచి సన్‌రూఫ్‌లు పేలాయన్న ఫిర్యాదులు 859 తేలాయి. 35 బ్రాండ్ల కార్లు వాటిలో ఉన్నాయి. ఆ ఫిర్యాదుల్లో నూటికి 71 వంతులు 2011 తర్వాతవే. కప్పు నిండా అద్దం పరిచే మోజు పెరిగిన రోజులవి. 2012లో హ్యుందాయ్ అక్కడ సుమారు 13,500 వెలోస్టర్ కార్లను వెనక్కి పిలిచింది, ఫ్యాక్టరీలో బిగించేటప్పుడే పై అద్దం దెబ్బతిని ఉండవచ్చని. మన దగ్గర ఈ మోజు మధ్యతరగతి బేరాల్లోకి దిగింది 2019లో ఎంజీ హెక్టార్, 2020లో కొత్త క్రెటా వచ్చాక. ఇవాళ పెళ్లికొడుకు వాళ్లు కారు అడిగినా సన్‌రూఫ్ ఉందా అనే అడుగుతున్నారు. నడినెత్తిన ఎండ కాసే దేశంలో నెత్తి మీద అద్దం ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. ఏడాదిలో తొమ్మిది నెలలు దాన్ని తెరతో కప్పుకునే తిరుగుతాం.

ఇక అసలు నాటకం మూడో రోజు సర్వీస్ సెంటర్లో.

"రాయి తగిలిందా సార్?" సర్వీస్ అడ్వైజర్ కుర్రాడు ఎంతో మర్యాదగా అడిగాడు. కారు వారంటీలోనే ఉంది.

"ఏదీ తగల్లేదు. దానంతట అదే పేలింది" అన్నాడు పిల్లల తండ్రి.

"అద్దం దానంతటదే పగలదు సార్. ఎక్స్‌టర్నల్ ఇంపాక్ట్ అయ్యుంటుంది. వారంటీలో రాదు."

సరే, ఇన్సూరెన్స్ ఉంది కదా అని ఏజెంటుకు ఫోన్ చేశాడు. ఆయన పాత మిత్రుడే. "దానంతట అదే పేలిందని మాత్రం రాయకండి గురువుగారూ" అని ముందే హెచ్చరించాడు. పాలసీ వర్తించేది బయటి నుంచి వచ్చిన ప్రమాదానికి. బండి దానంతట అది పాడైతే, అరిగితే, విరిగితే వర్తించదు. "రాయి తగిలిందని ఒక్క ముక్క రాసేయండి. అయిపోద్ది."

అంటే ఒక కౌంటర్లో రాయి లేదని రుజువు చేయాలి, రెండో కౌంటర్లో ఉందని ఒప్పుకోవాలి. అద్దం ఒకటే, పేలింది ఒకసారే. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. చూడనిది చూశానని కాగితం మీద పెట్టడం ఆయన వల్ల కాలేదు. భార్యకు కోపం వచ్చింది. "మీ సత్యసంధత వాళ్లకేమన్నా కూడు పెడుతుందా?" అంది. రాత్రంతా కూర్చుని ఆయన రాసింది ఇది: హైవే మీద వెళ్తుండగా పెద్ద శబ్దంతో పైకప్పు అద్దం పగిలింది. వెంటనే ఆపాం. ఏదైనా తగిలిందో లేదో మేము చూడలేదు. వీడియో జతపరుస్తున్నాం.

నిజం తేల్చగలిగింది ఒక్కటే, ఆ గాజు. పగుళ్లన్నీ మొదలైన చోటు నుంచి బయటికి పరుగెడతాయి. నికెల్ సల్ఫైడ్ వల్ల పగిలితే మొదలైన చోట రెండు ముక్కలు సీతాకోకచిలుక రెక్కల్లా జంటగా మిగులుతాయి. రాయి తగిలితే పైముఖం మీద నలిగిన గుంట కనపడుతుంది. సర్వేయర్ నడివయసు మనిషి. ఎండలో స్టూలెక్కి, ఫ్రేములో మిగిలిన గాజు మీది గీతలను వేలితో వెంబడించాడు. గీతలన్నీ ఆ బొక్క వైపే చూపించాయి. బొక్కలోని గాజు మునగాల దగ్గర ఏ లారీ టైర్ల కింద పడిందో.

స్టూలు దిగి, చేతులు దులుపుకుని, ఆయనా అదే అడిగాడు. "రాయి తగిలిందా మాస్టారూ?"

"చప్పుడు విన్నాను. రాయిని చూడలేదు."

సర్వేయర్ కాసేపు ఆయన మొహం చూసి, రిపోర్టులో రాసుకున్నాడు: వాహనం హైవేపై వేగంగా ప్రయాణిస్తుండగా బయటి వస్తువు తగిలి ఉండవచ్చును. ఆ 'ఉండవచ్చును'తో క్లెయిము పాసైంది. దాంతో వారంటీ వాళ్లు ఫైలు మూసేశారు. మాస్టారు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫిర్యాదు నమోదు చేశాడు. జిల్లా కమిషన్ దాకా వెళ్దామా అనుకున్నాడు. అక్కడ 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. కానీ లోపం ఉందని చూపించడానికి కావలసిన ముక్కే చేతిలో లేదు.

డబ్బు సంగతికొస్తే, గాజుకు ఇన్సూరెన్స్ వాళ్లు తరుగు కోయరు. రబ్బరు, ప్లాస్టిక్‌కు సగం కోస్తారు. పై అద్దానికి బీడింగులు, క్లిప్పులు, తెర పట్టాలు అన్నీ ఆ సగం లెక్కలోకే వచ్చాయి. పైన తప్పనిసరి కోత 1,000 రూపాయలు. అసలు దెబ్బ తర్వాత తెలిసింది. మూడేళ్లు క్లెయిము లేకుండా తిరిగినందుకు వచ్చిన 35 శాతం నో క్లెయిమ్ బోనస్ రెన్యువల్లో సున్నా అయింది. మొదట్లోనే కొద్దిపాటి ప్రీమియంతో బోనస్ రక్షణ తీసుకుని ఉంటే నిలిచేది. ఏజెంటు మిత్రుడు ఆ సంగతి అప్పట్లో చెప్పలేదు.

అద్దం గోడౌన్ నుంచి రావడానికి వారాలు పట్టింది. బిగించాక మోటారుకు మళ్లీ కొలతలు నేర్పించారు, వేలు అడ్డొస్తే ఆగే ఏర్పాటు పనిచేయాలంటే అది తప్పదు. బండి ఇంటికొచ్చింది. జూలైలో మొదటి గట్టివాన పడిన రాత్రి తెల్లవారి చూస్తే డ్రైవరు కాళ్ల దగ్గర మ్యాట్ నీళ్లలో తేలుతోంది. అద్దం కారలేదు. సన్‌రూఫ్ చుట్టూ ఒక కాలువ ఉంటుంది, నాలుగు మూలల నుంచి సన్నటి పైపులు స్తంభాల లోపలగా కిందికి దిగి నీటిని బయటికి పంపుతాయి. పాత గాజు పొడి ముందు కుడి పైపులో అడ్డం పడింది. వాక్యూమ్ కొట్టినవాళ్లు సీట్లు చూశారు, తెర చూశారు, పైపుల్లో నీళ్లు పోసి చూడలేదు. మెకానిక్ మెత్తటి నైలాన్ తీగ తోసి, గాలి కొట్టాడు. కింద పెట్టిన మగ్గులో గాజు గింజలు పడ్డాయి.

దసరాకు బావమరిది కొత్త కారు కొనాలనుకుని, బావను వెంటేసుకుని బందరు రోడ్డులో షోరూముకు వెళ్లాడు. పెళ్లామూ పిల్లలూ ముందే ఖాయం చేసేశారు, పైన అద్దం ఉన్నదే కావాలని.

"ఈ పైది టఫెనా, లామినేటెడా?" అని అడిగాడు.

"పనోరమిక్ సార్" అన్నాడు సేల్స్‌మన్ గర్వంగా.

"అది సైజు బాబూ. నేనడిగేది రకం."

సేల్స్‌మన్ లోపలికెళ్లి మేనేజర్‌ను అడిగాడు. మేనేజర్ ఇంకెవరికో ఫోన్ చేశాడు. ఈలోగా బావమరిది చెప్పులు విప్పి, ఒక ప్లాస్టిక్ స్టూలెక్కి, అద్దం మూల మీద అచ్చేసిన చిన్న ముద్రను ఫోన్ టార్చి వేసి చదివాడు. టెంపర్డ్ అని ఉంది. దిగి, బావ వైపు చూశాడు. బావ పిల్లల వైపు చూశాడు. వాళ్లు అప్పటికే వెనక సీట్లో పడుకుని కాళ్లు పైకెత్తి షోరూము సీలింగును చూస్తున్నారు.

"బుకింగ్ రాయండి. ఇన్సూరెన్స్‌లో గ్లాసుకు విడిగా కవరు, బోనస్ ప్రొటెక్షను, రెండూ వేయండి. ఆ పేర్లు కొటేషన్లో కనపడాలి" అన్నాడు బావమరిది. సేల్స్‌మన్ పాత కాగితం చింపేసి కొత్తది ప్రింటు తీశాడు.